పాలరాతి పలక, నెలసరి చందా

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఒక గ్రామ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు తలుపు మూయక నడచుట సామాన్య విషయము కాదు. ఉత్సవమునకై ప్రోగుచేసిన చందాలలో ఖర్చులు పోను సుమారు మూడు లక్షల రూపాయలు మిగులుననియు, ఆ శేషధనమును ఒక ఆసుపత్రికి ఇయ్యదలచితిమనియు, ఎట్లు ఇచ్చినచో సద్వినియోగమగునో సభలో చెప్పవలసినదనియు కార్యదర్శిగారు నాకు జాబు వ్రాసిరి. ప్రభుత్వ వైద్యశాఖలో, అందులోను మానసిక వైద్య విభాగమున, చాల ఏండ్లు పనిచేసి విశ్రమించినవాడను కనుక నన్ను పిలిచియుందురు. జాబులో ఇంకొక వాక్యము కూడ నున్నది. ఆసుపత్రిలో ఒక గది కట్టించి, దాని గోడకు గ్రంథాలయము పేరుతో పాలరాతి పలక పెట్టించవలెనని కొందరి అభిప్రాయమట. ఆ అభిప్రాయమును నేను నిందింపను. వేరొక మార్గము మీ ముందుంచుటకు మాత్రము వచ్చితిని.

దానమనగానే మనకు కట్టడము గుర్తుకు వచ్చును. బాటసారికి సత్రము, ఊరికి చెరువు, దేవునికి మండపము మన పెద్దలు కట్టించినవి, త్రవ్వించినవి. ఐనను లంకల గన్నవరములో డొక్కా సీతమ్మగారు కట్టించిన కట్టడమేదని అడిగినచో ఎవరు చెప్పగలరు? ఆమె 1909లో గతించిరి. గోదావరి మండలమున నేటికిని ఆమెను తలచుటకు కారణము ఆమె పొయ్యి ఆరకుండుటయే. ఎంతదూరమో పోనేల, ఈ గదినే చూడుడు. బీరువాల నుదుటను దాతల పేర్లు ఎర్రరంగుతో వ్రాయబడియున్నవి. వారికి మనము ఋణపడియున్నాము. కాని ఈ బల్లమీదికి ప్రతి ఉదయము వార్తాపత్రిక ఎవరి ధర్మమున వచ్చుచున్నది? నెలనెల చందా కట్టు రెండువందలమంది ధర్మమున. వారి పేర్లు ఏ తలుపు మీదను లేవు. చందాల పుస్తకములో నున్నవి. ఆసుపత్రులకు చేరు దానములును ఈ రెండు తెగలవే.

ప్రత్యేక వైద్యశాలలు మన ప్రాంతమున ఎట్లు పుట్టినవో కొంత చెప్పెదను. చిత్తూరు జిల్లావారికి వేలూరు పొరుగూరు వంటిది. రాష్ట్రములు వేరైనను రోగము విషయమున ఆ ఎల్లను ఎవరును పాటింపరు. రాయలసీమలో “వేలూరుకు తీసికొనిపోయినారు” అనిరన్న, రోగము పెద్దదని వినువారికి అర్థమగును. ఆ ఆసుపత్రిని స్థాపించిన ఐడా స్కడర్, 1870లో రాణిపేటలో జన్మించిన అమెరికా మిషనరీ కుటుంబపు ఆడపడుచు. పురుష వైద్యుడు తాకరాదను పట్టింపుచే ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు కాన్పు కష్టమున మరణించుట చూచి, ఆమె వైద్యము చదువ నిశ్చయించుకొనిరి. 1899లో పట్టము పొంది, మరుసటి సంవత్సరము వేలూరులో ఒక్క మంచముతో వైద్యము ప్రారంభించిరి. షెల్ అను న్యూయార్కు ధనికుడు తన భార్య జ్ఞాపకార్థమిచ్చిన పదివేల డాలర్లతో 1902లో 40 మంచముల ఆసుపత్రి లేచినది.

పలక కథ అంతటితో ముగిసినది. అటుపిమ్మటిది చందా కథ. గోడలు లేచినను నర్సులు లేనిదే ఆసుపత్రి నడవదు. 1909లో నర్సుల పాఠశాల, 1918లో స్త్రీల వైద్య పాఠశాల పెట్టవలసి వచ్చినది. వానికి జీతములు ఒక్క ధనికుని చెక్కుతో తీరునవి కావు. పలు దేశములలోని చర్చి సంఘములు, అందులోను స్త్రీల సంఘములు, ఏటేట పంపిన సొమ్మును, ఇచ్చుకొనగల రోగులు చెల్లించిన రుసుమును కలసి ఆ పనిని నిలబెట్టినవి. కలవాని రుసుములో కొంత లేనివాని మంచమునకు పోవు పద్ధతి అది. కుష్ఠువ్యాధిచే వంకరపోయిన చేతివ్రేళ్ళను శస్త్రచికిత్సతో తిరిగి పనిచేయించు విద్యను డాక్టర్ పాల్ బ్రాండ్ 1948లో అచ్చటనే ఆరంభించిరి. ఊరివారు బయటికి నెట్టివేసిన రోగికి ముద్ద నోటికెత్తుకొను చేయి తిరిగి వచ్చినది.

మదరాసు అడయారులోని క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ కథ కూడ వినదగినది. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డిగారు 1912లో మదరాసు వైద్య కళాశాల నుండి పట్టము పొందిన మహిళ. ఆమె చెల్లెలు క్యాన్సరుతో 1923లో మరణించెను. అప్పటినుండి ఈ వ్యాధికి ప్రత్యేకముగా ఒక ఆసుపత్రి కావలెనని ఆమె పట్టుబట్టిరి. ఎట్లును చావు తప్పని రోగమునకు వేరుగా ఆసుపత్రి దేనికని అధికారము గలవారే ప్రశ్నించిన కాలమది. మహిళా సంఘమువారు నిధి ప్రోగుచేసిరి. 1952లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1954 జూన్ 18న 12 మంచములతో ఆసుపత్రి తెరచిరి. మరు సంవత్సరము చేరిన డాక్టర్ వి. శాంతగారు 2021లో కన్నుమూయువరకు ఆ ఆవరణనే ఇల్లుగా చేసికొనిరి. నెల్లూరు, చిత్తూరు మండలముల నుండి అక్కడికి పోయి బ్రతికి వచ్చినవారు నాకు తెలిసినంతలోనే పలువురు కలరు.

ఇక మనవారి సంగతి. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టి చలనచిత్రములలో పేరు గడించిన ఎల్.వి. ప్రసాద్‌గారు హైదరాబాదులో ఐదెకరముల భూమిని, కోటి రూపాయలను కంటి ఆసుపత్రికై ఇచ్చిరి. అమెరికాలో పనిచేసి తిరిగివచ్చిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987లో దానిని ప్రారంభించిరి. అక్కడ చికిత్స పొందువారిలో సగముకంటె ఎక్కువమందికి ఉచితముగా జరుగుచున్నది. భూమియు కోటి రూపాయలును మొదటి మెట్టే. ఊరూర కంటి కేంద్రములు తెరచి, వాటిలో ఆ చుట్టుప్రక్కల పిల్లలనే తర్ఫీదు చేసి కూర్చుండబెట్టుట రెండవ మెట్టు. ఈ రెండవది కంటికి కనబడదు కాని, నా దృష్టిలో మొదటిదానికంటె కష్టమైనది.

కంటి వైద్యమునకు దాతలు సులభముగా దొరకుదురు. కారణము మీరెరుగుదురు. పొర తీసిన మరునాడు కట్టు విప్పగానే అవ్వ తన మనుమని ముఖము చూచును. ప్రక్కన నిలిచియున్న దాత కన్నులును చెమర్చును. తానిచ్చిన రూపాయి ఏమైనదో అతనికి అక్కడికక్కడే తెలిసిపోవును. గుండెకు జరుగు శస్త్రచికిత్స కూడ ఇంచుమించు అట్టిదే.

మనోవ్యాధికి అటువంటి మరునాడు లేదు. ఉన్నను అది ఆరు వారములకో, ఆరు నెలలకో వచ్చును. వచ్చినట్లు ఇంటివారికి తప్ప ఇతరులకు తెలియదు. బాగైనవాడు సభలోనికి వచ్చి నాకు ఈ ధర్మాత్ముల వలన మేలు కలిగినదని చెప్పడు. చెప్పినచో చెల్లెలికి సంబంధము తప్పిపోవునని భయము. మన భాషలోనే చూడుడు: పిచ్చి కుదిరినది, రోకలి తలకు చుట్టుమన్నాడను సామెత చెప్పి మనము నవ్వుకొందుము. ఆ నవ్వు వినబడు దూరములో ఒక తల్లి వంటయింటి తలుపు వేసికొని కూర్చుండునని ఎవరికిని తోచదు.

మన దేశములో ఈ వైద్యము చరిత్ర కూడ వేరు. పైన చెప్పిన ఆసుపత్రులను దయ కట్టించినది. పిచ్చాసుపత్రులను ఎక్కువగా ప్రభుత్వము కట్టించినది, అదియు రోగిని బాగుచేయుటకంటె ఊరినుండి తొలగించి యుంచుటకు. మదరాసులో 1794లోనే కుంపినీవారి కాలమున ఒకటి ఏర్పడినది. తరువాత అది కీల్పాకమునకు మారినది. ఉమ్మడి మదరాసు రాష్ట్రములోని తెలుగు రోగులు ఎందరో ఆ గోడలలో గడపిరి. విశాఖపట్టణమునను, హైదరాబాదు ఎర్రగడ్డలోను ఉన్న ప్రభుత్వ వైద్యశాలలు మనకు తెలిసినవే. గోడలు ప్రభుత్వమువి; లోపల నుండుట సిగ్గు. దాత అటువైపు చూడకపోవుటలో వింత లేదు.

ఈ స్థితి మన దేశమునకే చెందినది కాదు. ఇంగ్లండులో యార్కు పట్టణపు శరణాలయమున 1790లో హన్నా మిల్స్ అను వితంతువు మరణించినది. ఆమె క్వేకర్ మతస్థురాలు. చూడవచ్చిన ఆప్తులను లోనికి పోనియ్యలేదు. విలియం ట్యూక్ అను తేయాకు వర్తకుడు దీనికి మిక్కిలి నొచ్చుకొని, తన సమాజమువారిచేత చందాలు వేయించి 1796లో రిట్రీట్ అను పేర ఒక ఇల్లు తెరపించెను. ముప్పది మంది రోగులకు సరిపోవునట్లు కట్టినది. గొలుసులు లేవు, కొట్టుట లేదు. తోట పని, కుట్టుపని, వేళకు భోజనము, ఇంటివారివలె పలుకరించు మనుష్యులు ఉండిరి. ఆ కాలమున మందన్నదే లేదు. నిజముగా ఉపయోగపడు మొదటి మందు క్లోర్‌ప్రోమజీన్ అందుబాటులోనికి వచ్చినది 1952లో, ఫ్రాన్సు దేశమున. మందులేని దినములలోనే కేవలము మర్యాదతో కొందరు కోలుకొనిరన్న విషయము డాక్టర్లమైన మేము తరచు మరచిపోవుదుము.

మనవైపు మొదటి మార్పు, ఇంటివారిని లోనికి రానిచ్చుటతో వచ్చినది. అమృతసరస్సు ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ 1950 తరువాతి ఏండ్లలో ఆవరణలోనే గుడారములు వేయించి రోగుల బంధువులను వారితోపాటు ఉంచిరి. వేలూరు ఆసుపత్రివారు 1957లో బాగాయములో నెలకొల్పిన మానసిక వైద్య కేంద్రములోను రోగితో ఇంటివారొకరు ఉండితీరవలెనను నియమమును పాటించిరి. ఇందువలన రెండు లాభములు. రోగి భయపడడు, ఇంటివారు రోగమేమో నేర్చుకొని పోవుదురు. కాని తోడుండు తల్లి తినవలెను, పండుకొనవలెను. ఆమె పోగొట్టుకొను కూలి సంగతి సరేసరి. సీతమ్మగారి పొయ్యి ఇక్కడ వెలుగవలెను. ఆసుపత్రి గుమ్మము ముందర అన్నదానము చేయువారు కంటి ఆసుపత్రివద్దను, పెద్దాసుపత్రివద్దను కనబడుదురు. మానసిక వైద్యశాల గుమ్మము ముందర నేను పనిచేసిన కాలములో అరుదుగా చూచితిని.

రెండవ మార్పునకు మదరాసు డాక్టర్ శారదా మేనోన్‌గారిని చెప్పవలెను. ఆమె 1961 నుండి 1978 వరకు కీల్పాక ఆసుపత్రికి అధిపతి. రోగులకు చేతిపనులు నేర్పించిరి, బయటి సేవాసంఘములను లోనికి పిలిచిరి. ఉద్యోగ విరమణ చేసిన పిమ్మట 1984లో స్కిజోఫ్రీనియా వ్యాధికై స్కార్ఫ్ అను సంస్థను స్థాపించిరి. ఆసుపత్రినుండి ఇంటికి పోయినవాడు తిరిగి జబ్బుపడకుండుటకు ఏమి చేయవలెనన్నదే ఆమె ప్రశ్న. ఆమె 2021లో మరణించిరి. ఆ సంస్థవారు పుదుక్కోట జిల్లా పల్లెలకు 2010 నుండి ఒక బస్సును పంపిరి. అందులో రోగి కూర్చుండును. మదరాసులోనున్న డాక్టరు తెరమీద కనబడి మాటలాడును. మందులు ఆ బస్సులోనే ఉచితముగా ఇత్తురు. ఇటువంటి పనికి దాతల సొమ్ము దేనిక్రింద ఖర్చగును? డ్రైవరు జీతము, డీజిలు, మాత్రలు. వీనిలో దేనిమీదను పలక అంటదు. అట్లే 1993లో మదరాసులో ఇద్దరు యువతులు, వందనా గోపికుమార్, వైష్ణవీ జయకుమార్, వీధులలో దిక్కులేక తిరుగు మనోవ్యాధిగ్రస్తులైన స్త్రీలకై బాన్యన్ అను ఆశ్రయమును తెరచిరి. తరువాతి కాలమున ఆ సంస్థవారు మామూలు వీధులలో ఇండ్లు అద్దెకు తీసికొని, కోలుకొన్న స్త్రీలను నలుగురైదుగురిని ఒక కుటుంబమువలె అందులో కాపురముంచిరి. అద్దె అనునది నెలనెల వచ్చునది గదా.

దానమున్నచోటనెల్ల మేలు జరుగునని అనుకొనవలదు. రామనాథపురము జిల్లా ఏర్వాడిలో దర్గా ప్రక్కన రోగులను ఉంచు ఇండ్లుండెడివి. కుటుంబములవారు నమ్మకముతో తెచ్చి విడిచిపోయెడివారు. అన్నము పెట్టువారుండిరి, నీడ ఉండెను, డాక్టరు లేడు. 2001 ఆగస్టు 6న తెల్లవారకముందు అట్టి ఒక పాకకు నిప్పంటుకొనినది. గొలుసులతో కట్టబడియుండుటచే రోగులు లేచి పోలేకపోయిరి. 28 మంది మరణించిరి. ఆ తరువాత సుప్రీంకోర్టు కలుగజేసికొనినది. 2017లో వచ్చి 2018 మే నెలనుండి అమలులోనున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఏ రూపముననైనను రోగిని గొలుసులతో కట్టుటను నిషేధించినది. మనోవ్యాధికిని శరీర వ్యాధితో సమానముగా బీమా ఇయ్యవలెననియు ఆ చట్టమే చెప్పుచున్నది. దేవుని మ్రొక్కుటను నేను కాదనను. మ్రొక్కు చెల్లించి వచ్చునప్పుడు దారిలో డాక్టరును కూడ చూచి రండని మాత్రము చెప్పుచుందును.

2015, 2016 సంవత్సరములలో బెంగుళూరు నిమ్‌హాన్స్ సంస్థవారు 12 రాష్ట్రములలో పరిశీలన జరిపిరి. మద్యపానపు వ్యసనముతో సహా ఏదో ఒక మానసిక రుగ్మతగలవారు పెద్దలలో నూటికి పదిమందికి పైగా నుండిరని తేలినది. వ్యాధినిబట్టి నూటికి 70 మొదలు 92 మంది వరకు చికిత్స అందనివారే. తీవ్రమైన వ్యాధులు గలవారు వేయింటికి ఎనమండ్రు. మూడువేలమంది పెద్దలుగల మీ ఊరికి ఆ లెక్క కట్టుకొనుడు. ఇరువదిమందికి పైబడిరి. వారిలో ఎందరిని మీరెరుగుదురు? ఎందరు ఏ గదిలో నున్నారు?

ఒక కుర్రవాని సంగతి చెప్పెదను; ఊరు, పేరు చెప్పను. మెట్ట ప్రాంతపు చిన్న రైతు కొడుకు. ఇరువదిరెండేండ్లవాడు, డిగ్రీ చదువుచుండెను. నిద్ర మానెను, తనలో తాను మాటలాడుకొనెను, తల్లి అన్నములో విషము కలుపుచున్నదని ఆమె వడ్డన ముట్టడాయెను. తండ్రి రెండేండ్లు భూతవైద్యుల చుట్టు తిరిగి ఎకరము పొలము అమ్మెను. ఆ పిమ్మట మావద్దకు తెచ్చెను. ఆరు వారములు గడచునప్పటికి పిల్లవాడు తల్లిని పిలిచి అన్నము పెట్టుమనెను. ఇందాక నేను చెప్పిన మరునాడు అదియే. ఇంటికి పంపితిమి. నాలుగు నెలలు వచ్చి మాత్రలు తీసికొనిపోయిరి. నాట్ల సమయము వచ్చినది, తండ్రి రాలేకపోయెను. బస్సుకు చేతిలో డబ్బు లేదు, ఒక దినము కూలి పోగొట్టుకొను శక్తి లేదు, పిల్లవాడా బాగుగానే కనబడుచున్నాడు. మూడు నెలలకు జబ్బు తిరుగబెట్టెను. ఇట్లు మూడుమార్లు జరిగినది. తిరుగబెట్టినప్పుడెల్ల ముందటికంటె ఆలస్యముగా కోలుకొనెను, కోలుకొన్నదియు ముందటికంటె తక్కువ. ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితమే. లోపము అచ్చట లేదు. ఆసుపత్రికిని ఆ ఇంటికిని నడుమనున్న నలువది మైళ్ళలో నున్నది. తుదకు ఆ ఊరి పోస్టుమాస్టరుగారు ప్రతినెల మొదటి సోమవారము ముందటి సాయంకాలము తండ్రి చేతిలో ఛార్జీ డబ్బులు పెట్టుట ఆరంభించిరి. వారు చేసినది అంతమాత్రమే. పిమ్మట తొమ్మిదేండ్లు, నేను విరమించుకొనువరకు, ఆ పిల్లవాడు మరల ఆసుపత్రిలో చేరలేదు. ఎరువుల కొట్టులో లెక్కలు వ్రాయుచున్నాడని వింటిని.

ఈ పోస్టుమాస్టరుగారు చేసిన పనిని ఒక గ్రంథాలయము చేయగలదా యన్నది నేడు మీ ముందున్న ప్రశ్న. చేయగలదని నా లెక్క. రోగికిని తోడు వచ్చువారికిని ఛార్జీలు, ఒక పూట భోజనము, ఆటో, పోయిన కూలి కలిపి నెలకు వెయ్యి రూపాయలనుకొందము. ఆడవారికి బస్సు ఉచితము గదాయని మీరందురు. నిజమే, తెలంగాణములో 2023 నుండియు, ఆంధ్రప్రదేశ్‌లో 2025 నుండియు అట్లున్నది. తల్లి తోడుపోయినచో ఒక టిక్కెట్టు తప్పును. కూలి మాత్రము తప్పదు. మీ మూడు లక్షలు బ్యాంకులో వేసినచో ఏటికి ఇరువదివేల వరకు వడ్డీ రావచ్చును. రెండువందలమంది చందాదారులు నెలకు ఇరువదేసి రూపాయలు అదనముగా ఇచ్చినచో ఏటికి నలువదియెనిమిదివేలు. మొత్తము అరువదియెనిమిదివేలు. అయిదుగురు రోగులకు ఏడాది పొడుగున చాలును, అత్యవసరమునకు కొంత మిగులును కూడ. మూడు లక్షలతో గది కట్టుట మొదలుపెట్టినచో కప్పు పడునో లేదో నాకు సందేహము. గదిలో పనిచేయు నర్సు జీతమెవరిత్తురని ఆసుపత్రివారు అడుగక మానరు.

పెద్ద సంస్థలకు ఇయ్యవలదని నా భావము కాదు. ఇచ్చునప్పుడు పోయి చూచి ఇండు. చట్టము ప్రకారము నమోదు అయినదా, లెక్కలు తనిఖీ అయినవా అని అడుగుట మీ హక్కు. అంతకంటె ముందు గుమ్మమువద్ద కొంతసేపు నిలువబడి చూడుడు. బంధువులను లోనికి పోనిచ్చుచున్నారా? డాక్టరు ఎప్పుడు వచ్చునో అక్కడి రోగి చెప్పగలడా? రోగి చెప్పలు, దువ్వెన, బట్టలు అతని దగ్గరనే యున్నవా? నాకు ఈ చిన్న గుర్తులమీద కాగితములకంటె గురి ఎక్కువ.

డబ్బు కాని దానము కూడ ఒకటి కలదు. కోలుకొన్నవానికి పని కావలెను. పనిలేక అరుగుమీద కూర్చున్నవానిని ఊరు మరల రోగినే చేయును. పుస్తకములకు అట్టలు కట్టుటను మావద్ద రోగులకు నేర్పుచుండెడివారు. ఇందాక మీ బీరువాలు చూచితిని. అట్టలూడిన పుస్తకములు రెండు అరల నిండ నున్నవి. అట్లే జబ్బు దీర్ఘకాలముగా నున్నవారికి సదరం ధ్రువపత్రము వచ్చినచో ప్రభుత్వ పింఛనుకు అర్హత కలుగవచ్చును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో మానసిక వ్యాధి కూడ చేర్చబడియున్నది. ఆ శిబిరమునకు ఒక దినము తోడుపోయి దరఖాస్తు వ్రాసిపెట్టు చదువరి ఒకడున్నను మేలు. 2022 నుండి 14416 సంఖ్యకు టెలిఫోను చేసినచో టెలిమానస్ వారు తెలుగులో మాటలాడి సలహా చెప్పుచున్నారు. ఆ సంఖ్యను పత్రికల బల్లమీద అతికింపుడు. ఎవరు చూచుకొనిరో ఎవరికిని తెలియనక్కరలేదు.

గోప్యమన్నమాట వచ్చినది కనుక నిర్వహణ సంగతి ఒకటి చెప్పి విరమించెదను. ఇట్టి నిధికి సంఘసమావేశములో రోగుల పేర్లు చదువుట పనికిరాదు. మీ ఊరి ఆశా కార్యకర్తకు, ఆరోగ్య కేంద్రపు నర్సమ్మగారికి ఏ ఇంట ఎవరున్నారో తెలియును. సొమ్ము వారిలో ఒకరిచేత ఇంటికి చేరవలెను. ఆసుపత్రివారు తేదీ వేసిన చీటి తిరిగి వారికే చూపవలెను. గ్రంథాలయపు పుస్తకములో మూడు గడులు చాలును: నెల, ఎందరికి, ఎంత. దాతల పేర్లు కావలసినచో గోడమీద ఎంత పెద్ద అక్షరములతోనైనను వ్రాసికొనుడు. రోగుల పేర్లు మాత్రము ఆ పుస్తకములో ఉండరాదు. ఇరువదియైదేండ్ల తరువాత మీ స్వర్ణోత్సవమునకు వచ్చువాడు తెరచి చూచినను కనబడరాదు.

జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఏ వారము, ఏ వేళ చూతురో కనుగొని కార్యదర్శిగారికి ఈ వారములోనే జాబు వ్రాసెదను.